మానేసేది చల్లదనమా, గాలా?

విజయనగరం,
ఆదివారం రాత్రి

అల్లుడూ,

నిన్న నువ్వు ఫోన్ చేసేసరికి నేను షెడ్డు మూసి బండి తీస్తున్నాను. నువ్వేమో కంగారులో ఉన్నావు, నాకేమో లారీల గోలలో సగమే వినపడింది. నాకు అర్థమైంది ఇదీ. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కారు, కళింగపట్నం వైపు నుంచి వచ్చింది. పొద్దున్న తీస్తే ఏసీ బ్రహ్మాండంగా ఉంటుంది, ముప్పావు గంట నడిచాక మానేస్తుంది. నువ్వు గాలి తోసే బ్లోయర్ మోటారు మార్చావు, తగ్గలేదు. ఇప్పుడు ఏసీని నడిపించే కంట్రోల్ ప్యానెల్ పోయిందని, కొత్తది తెప్పిస్తానని కస్టమర్‌తో అనేశావు. ప్యానెల్ ఆర్డర్ పెట్టకు. ఈ ఉత్తరం చదివాక కూడా పెట్టాలనిపిస్తే అప్పుడు పెట్టు.

మానేసేది చల్లదనమా, గాలా అని అడిగితే "రెండూ ఒకటే కదా మావయ్యా" అన్నావు. ఒకటి కాదు. కస్టమర్ అన్నింటికీ "ఏసీ పనిచెయ్యట్లేదు" అనే అంటాడు, అతనికి తెలిసింది అంతే. విడదీసి అడగాల్సింది మనం. బ్లోయర్ చప్పుడు మామూలుగా ఉండి వేడిగాలి వస్తోందంటే నువ్వు బానెట్ వైపు, గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ దగ్గరకి వెళ్ళాలి. బ్లోయర్ చప్పుడే తగ్గిపోతోందంటే మోటారు, దాని స్పీడు మార్చే పవర్ ట్రాన్సిస్టర్, కరెంటు బ్యాటరీకి తిరిగెళ్ళే ఎర్త్ చూడాలి. చప్పుడు అలాగే ఉండి గాలి మాత్రం సన్నబడిపోతే గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్‌కి ఐసు పట్టింది. అరగంట ఆపి మళ్ళీ వేస్తే బాగుంటుందా, ఆపినప్పుడు కారు కింద నీళ్ళు ఎక్కువగా కారుతున్నాయా అని కూడా అడుగు. అవునంటే నీ కేసు ఇదే. నా అనుమానమూ ఇదే.

కాయిల్ దగ్గర ఒక చిన్న సెన్సార్ ఉంటుంది. అది కాయిల్ ఎంత చల్లబడిందో చెబితే, సున్నా దగ్గరికి రాకముందే కంప్రెసర్ ఆగుతుంది. కంప్రెసర్‌ని ఇంజిన్‌తో కలిపి విడదీసే క్లచ్ లేని కొత్తరకమైతే పని తగ్గించుకుంటుంది. ఆ సెన్సార్ కాయిల్ సున్నాలో ఉన్నా ఎనిమిది డిగ్రీలని చెబితే కంప్రెసర్ ఆగదు. కాయిల్ మీద చెమ్మంతా గడ్డకట్టి గాలికి దారి మూసుకుపోతుంది. అందులో ప్యానెల్ తప్పేముంది? దానికి అందిన కబురును బట్టి అది సరిగ్గానే నడుస్తోంది. ఆటోమేటిక్ ఏసీలో ముందు అడగాల్సింది ఇదే: ప్యానెల్‌కి ఎవరు ఏం చెబుతున్నారు, వాళ్ళలో అబద్ధం ఎవరిది?

సెన్సార్ ఎలా అబద్ధమాడుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఇది నీకు పదేళ్ళు పనికొస్తుంది. ఇవి చల్లబడితే రెసిస్టెన్స్ పెరిగే రకం, వేడెక్కితే తగ్గుతుంది. వైర్లు కలిపే కప్లర్‌లో పచ్చగా తుప్పు పట్టి కరెంటుకి అడ్డం పడిందనుకో, రెసిస్టెన్స్ పెరిగి ఉన్నదానికంటే చల్లగా ఉన్నట్టు కనపడుతుంది, కంప్రెసర్ ముందే ఆగిపోతుంది. అదే తడి దిగి రెండు వైర్ల మధ్య కరెంటు కారుతుంటే రెసిస్టెన్స్ తగ్గి, వేడిగా ఉన్నట్టు కనపడుతుంది. ఐసు పట్టేది అప్పుడే. సముద్రం పక్క కార్లలో రెండూ చూశాను. 2018లో తిత్లీ తుపాను తర్వాత పలాస వైపు నుంచి వచ్చిన కార్లలో కప్లర్లు విప్పితే లోపల పచ్చగా పూసిపోయి ఉండేవి.

సెన్సార్ బయటికి తీయగలిగితే ఒక గ్లాసులో ఐసు ముక్కలు, కొంచెం నీళ్ళు పోసి అందులో ముంచి మీటర్ పెట్టు. రీడింగ్ మెల్లగా పెరగాలి. తీసి గుప్పిట్లో పట్టుకుంటే మెల్లగా దిగాలి. మధ్యలో గెంతిందంటే సెన్సార్ పోయినట్టే. అంకె మాత్రం కారుని బట్టి మారుతుంది, 25 డిగ్రీల దగ్గర ఒకదానిలో 2 కిలో ఓమ్‌లుంటే ఇంకోదానిలో 5, మరోదానిలో 10. మాన్యువల్ దొరక్కపోతే అదే మోడల్ మంచి కారులో కొలిచి పోల్చుకో. సెన్సార్ మంచిదే అయ్యుండి కాయిల్ రెక్కల్లోంచి ఊడి వేలాడుతుండొచ్చు, అది కూడా చూడు. ఇంకోటి, గ్యాస్ తక్కువైనా, క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా ఐసు పడుతుంది. ఫిల్టర్ తీసి చూడ్డానికి రెండు నిమిషాలు. నువ్వు తీసి ఉండవు, నాకు తెలుసు.

నిన్ను అంటున్నాను గానీ, నేను చేసింది ఇంతకంటే ఘోరం. సాలూరు లారీ షెడ్లలో పని నేర్చుకున్నవాణ్ణి, మాకు కరెంటు పనంటే డైనమో, హారన్, లైట్లు. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కారు నా చేతికొచ్చిన కొత్తలో బొబ్బిలి నుంచి ఒకాయన తెచ్చాడు. బ్లోయర్ ఉండి ఉండి నీరసించిపోతోంది. కప్లర్ ఊడదీసి మీటర్ పెడితే 12.4 వోల్టులు. కరెంటు వస్తోంది కదా అని పవర్ ట్రాన్సిస్టర్ మార్చాను. తగ్గలేదు. బ్లోయర్ మార్చాను. వారం తర్వాత ఆయన మళ్ళీ వచ్చాడు, ఒక్క మాటా అనకుండా తాళాలు బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

కప్లర్ ఊడదీసి కొలవడమే నా తప్పు. వంశధార కాలువ శివారు రైతునడుగు, తూము దగ్గర నీళ్ళు నిండుగా కనపడినా తన చేలోకి ఎన్ని పారతాయో చెబుతాడు. లోడు లేనప్పుడు, అంటే కరెంటు లాగే మోటారు నడవనప్పుడు, ఒక్క పోగు మిగిలిన వైరు కూడా 12 వోల్టులు చూపిస్తుంది. లోడు పడితేనే దాని బండారం బయటపడుతుంది. ఆ రోజు కప్లర్ తగిలించి, బ్లోయర్ ఫుల్ స్పీడులో పెట్టి, మీటర్ నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర తీగ బ్లోయర్ ఎర్త్ వైరు మీద పెట్టాను. 0.1 దగ్గర ఉండాలి, మహా అయితే 0.2. నాకు దాదాపు 3 వోల్టులు చూపించింది. వైరు పట్టుకుని వెళ్తే డ్యాష్‌బోర్డు కింద పక్కన, కాళ్ళు పెట్టే చోట ఎర్త్ బోల్టు. దాని కింద పెయింటు, పెయింటు కింద తుప్పు. ఉప్పు కాగితంతో గీకి బిగించాను. ఆ రెండు పార్టుల డబ్బులూ ఆయనకి తిరిగిచ్చేశాను. మీ అత్తకి ఇప్పటికీ తెలీదు, ఈ ఉత్తరం ఇంట్లో చదవకు.

ప్లస్ వైపు కూడా ఇలాగే: ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్ మీద, నల్లది బ్లోయర్‌కి వచ్చే ప్లస్ వైరు మీద, అంతా నడుస్తుండగా. ఫ్యూజ్ కంటికి బాగున్నా నమ్మకు, రెండు కాళ్ళ మీదా మీటర్ పెట్టు. టెస్టర్ బల్బు ఫ్యూజులకీ రిలేలకీ వాడుకో గానీ సెన్సార్ వైర్ల జోలికి తీసుకెళ్ళకు, అది లాగే కరెంటుకి ప్యానెల్ నిజంగానే పోతుంది. పసుపు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని గుచ్చకు, కొలవకు. డ్యాష్‌బోర్డు విప్పాల్సొస్తే బ్యాటరీ తీసి కొన్ని నిమిషాలు ఆగి మొదలుపెట్టు.

కంప్రెసర్ అసలు పట్టని కేసులొస్తే ముందు గ్యాస్ చూడు. బండి ఆగి చల్లబడ్డాక, 30 డిగ్రీల ఎండలో, ఆర్134ఏ గ్యాస్ ఉంటే గేజ్ 95, 100 పీఎస్ఐ మధ్య నిలబడాలి. బాగా తక్కువుంటే కంప్రెసర్‌ని సిస్టమే కావాలని ఆపి ఉంచుతుంది. అప్పుడు రిలేని వైరుతో కలిపి బలవంతంగా తిప్పావంటే కంప్రెసర్ బిగుసుకుపోయి పాడవుతుంది. గ్యాస్ బాగుంటే ప్రెషర్ సెన్సార్ కప్లర్ దగ్గర మూడు వైర్లు చూడు: 5 వోల్టులు, ఎర్త్, సిగ్నల్. 5 రావాల్సిన చోట ఏ 1 వోల్టో వస్తోందంటే ప్యానెల్‌ని అనకు. ఆ 5 వోల్టులు చాలా కార్లలో నాలుగైదు సెన్సార్లు పంచుకుంటాయి, ఒకటి షార్టయితే అందరివీ పడిపోతాయి. మీటర్ అక్కడే ఉంచి మిగతావి ఒక్కొక్కటే ఊడదీస్తూ పో. ఏది తీసినప్పుడు 5 లేచి నిలబడుతుందో దొంగ అదే. క్లచ్ కాయిల్ మామూలుగా 3, 4 ఓమ్‌లు ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు పట్టి, వేడెక్కాక వదిలేస్తోందంటే క్లచ్ ప్లేటు సందు పెరిగిందేమో సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో చూడు. క్లచ్ లేని కంప్రెసర్ వాల్వుకి మాత్రం బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వకు.

ఇంకో నవ్వొచ్చే కేసు. రణస్థలం దగ్గర గేదెని గుద్దిన కారు, ఎక్కడో బంపర్ మార్పించుకుని వచ్చింది. ఏసీ పట్టట్లేదు. మీటర్ తీయబోతూ డిస్‌ప్లే చూశాను, బయట టెంపరేచర్ మైనస్ 40! మే నెలలో, మా షెడ్డు ముందు! బంపర్ వెనకుండే బయటి సెన్సార్ కప్లర్ తగిలించడం మర్చిపోయారు. వైరు తెగితే ప్యానెల్‌కి గడ్డకట్టే చలే కనపడుతుంది, ఆ చలిలో ఏసీ ఎందుకని కంప్రెసర్ మానేస్తుంది. కప్లర్ తగిలించాక కూడా కొన్ని కార్లు ఆ అంకెని వెంటనే మార్చవు, కాస్త దూరం నడిపి రా. కాబట్టి బండి రాగానే బయటి టెంపరేచర్, లోపలి టెంపరేచర్, కాయిల్ టెంపరేచర్ మూడూ కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్‌లో ఒక్కసారి చూడు. రాత్రంతా ఆగిన కారైతే పొద్దున్న ఇంజిన్ వెయ్యకముందు మూడూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఏదైనా పక్కకి పోయిందంటే అక్కడ మొదలుపెట్టు.

తప్పు ఎక్కడో చెప్పే కోడ్ నంబరు వచ్చింది కదా అని పార్టు మార్చకు. కొన్ని టయోటా కార్లలో ఆటో బటను, లోపలి గాలి బటను కలిపి నొక్కి పట్టుకుని ఇగ్నిషన్ ఆన్ చేస్తే ప్యానెలే కోడ్లు చూపిస్తుంది. షెడ్డులో చేస్తే ఎండ సెన్సార్ కోడ్ కూడా వచ్చేస్తుంది, ఎండ లేదు కదా. బయట ఎండలో పెట్టి మళ్ళీ చూడు. డ్యాష్‌బోర్డు లోపల టకటకమంటుంటే గాలి తలుపు తిప్పే మోటారులో పళ్ళు అరిగి ఉంటాయి. వరి కోతలప్పుడు ఎలుకలు దూరి వైర్లు కొరికే సంగతి నీకు చెప్పక్కర్లేదు.

రేపు ఆ కారుకి ఇలా చెయ్యి. ఫిల్టర్ తియ్యి. స్కానర్ తగిలించి, కాయిల్ టెంపరేచర్ చూస్తూ నలభై నిమిషాలు నడిపి రా, మధ్య వెంట్‌లో థర్మామీటర్ పెట్టి పక్కన ఎవరినైనా కూర్చోబెట్టు. వెంట్‌లో 5 ఉండి స్కానర్ 10 అంటే సెన్సార్ చూడు, గాలి ఇంకా సన్నబడకముందే తేడా కనపడాలి. పాత బ్లోయర్ పారెయ్యలేదు కదా? అదే మళ్ళీ బిగించి, కొత్తది వెనక్కి పంపి, ఆ డబ్బు కస్టమర్ లెక్కలో తీసెయ్యి.

నా క్లాంప్ మీటర్ బుధవారం మీ అమ్మ వచ్చేటప్పుడు ఇచ్చి పంపుతాను. దాని బ్యాటరీ డల్ అయింది, 9 వోల్టుల కొత్తది వేసుకో, లేకపోతే అంకెలు తప్పు చూపిస్తుంది.

మీ మావయ్య