నడుం బెల్టు కొనాలా వద్దా?

ప్రశ్న: మంచం పట్టిన పెద్దవాళ్లని చూసుకునే పని నాది. వాళ్లని పక్కకి తిప్పడం, లేపి కుర్చీలో కూర్చోబెట్టడం రోజంతా ఉంటుంది. నాకు ఇంతవరకూ నడుం నొప్పి లేదు. నాతో పనిచేసే ఆమెకి పోయినేడు నడుం పట్టేసింది, అప్పటినుంచి బెల్టు పెట్టుకుంటోంది, నన్నూ ముందుజాగ్రత్తగా కొనుక్కోమంటోంది. కొనమంటారా?

జవాబు: మీకు అక్కర్లేదు. ఆమెకి మాత్రం పనికొస్తుంది, తీయమనకండి.

ఇదేం జవాబు అనుకోకండి, పరిశోధనల్లో తేలిందీ ఇదే. నెదర్లాండ్స్‌లో ఇళ్లకి వెళ్లి సేవ చేసేవాళ్లలో, అప్పటికే నడుం నొప్పి చూసిన 360 మందిని తీసుకున్నారు. బెల్టు వాడినవాళ్లకి ఏడాదిలో నొప్పి ఉన్న రోజులు సగటున 50కి పైగా తగ్గాయని 2007లో తేల్చారు, అయితే పెట్టే సెలవులు మాత్రం పెద్దగా తగ్గలేదు. అమెరికాలో పెద్ద దుకాణాల్లో సరుకులెత్తే 9 వేల మందికి పైగా సిబ్బందితో చేసిన అధ్యయనం 2000లో వచ్చింది. అందులో బెల్టు పెట్టుకున్నా పెట్టుకోకపోయినా తేడా కనబడలేదు.

అసలు చిక్కు బరువుది. రోగిని చేతులతో ఎత్తేటప్పుడు 16 కిలోలు దాటకూడదని అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ నిపుణుల లెక్క, అదీ రోగి కుదురుగా ఉండి మీరు వంగకుండా ఎత్తగలిగితేనే. పెద్దమనిషి కాలు ఒక్కటే పది కిలోల దాకా ఉంటుంది కదా, ఇక మొత్తం మనిషిని ఒక్కరే లాగితే ఏ బెల్టు ఆపుతుంది? పైగా బెల్టుందన్న ధైర్యంతో మామూలుగా ఎత్తని బరువు కూడా ఎత్తేస్తారు, నాకు భయం అక్కడే.

ఆ డబ్బుతో జారే షీటు కొనిపించండి, మీ జేబులోంచి కాదు, పనిచేయించుకునేవాళ్ల చేత. అది ఒంటి కింద వేస్తే రోగిని ఎత్తక్కర్లేదు, జరిపితే చాలు. మంచం ఎత్తు మార్చే వీలుంటే మీ నడుం దాకా లేపుకోండి, అందరూ తొందరలో వదిలేసేది ఇదే. కాస్త కదలగలిగే రోగిని మోకాళ్లు మడవమనండి, సగం పని ఆయనే చేస్తాడు. అసలు కదల్లేనివాళ్లకి రోగిని ఎత్తే యంత్రం (లిఫ్టు) ఉండాలి, లేనిచోట ఇద్దరు కావాలి.

మీ స్నేహితురాలికి ఒక్క మాట చెప్పండి: కాళ్లు మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా బెల్టు బిగించుకుని కూర్చోకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.