కొత్తగా రాసిన మందులు మధ్యలో మానేస్తుంటే ఫార్మసిస్ట్ ఏం చేయగలరు?

మీ అమ్మగారికి కొత్తగా బీపీ మాత్రలు రాశారని, రెండో వారంలోనే ఆవిడ మానేశారని, మళ్లీ డాక్టర్‌ని కలిసేలోపు మందుల షాపులో ఫార్మసిస్ట్‌తో మాట్లాడితే ఏమైనా ఉపయోగం ఉంటుందా అని అడిగారు. తప్పకుండా ఉంటుంది. నేను చాలా ఏళ్లుగా ఫార్మసిస్ట్‌గా కౌంటర్‌లో పనిచేస్తున్నాను. నేను చూసినంతలో కొత్త మందు ఆగిపోయేది ఎక్కువగా ఈ మొదటి కొన్ని వారాల్లోనే.

డాక్టర్ దగ్గర ఉన్నంతసేపూ మనసంతా జబ్బు పేరు మీదే ఉంటుంది. మేం "రోజూ ఉదయం ఒకటి" అని చెబితే తలూపి వెళ్లిపోతారు. అసలు సందేహాలు ఇంటికెళ్లి నాలుగు రోజులు వేసుకున్నాక మొదలవుతాయి. తల తిరుగుతోంది, ఇది మందు వల్లేనా? నాకు ఏ బాధా లేదు కదా, మాత్ర ఎందుకు? ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలా? అడుగుదామంటే అప్పుడు ఎదురుగా ఎవరూ ఉండరు. పైగా బీపీ ఎక్కువున్నా చాలామందికి ఏ లక్షణమూ తెలియదు, మానేస్తే వెంటనే తేడా కనిపించదు. దాంతో మానేసినా ఏం కాదనిపిస్తుంది. దీర్ఘకాలిక జబ్బులకు మందులు సరిగ్గా వాడేవాళ్లు అభివృద్ధి చెందిన దేశాల్లో కూడా సగటున 50 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది. కాబట్టి అమ్మగారిది మొండితనం అనుకోకండి.

ముందు తేల్చుకోవాల్సింది, ఆవిడ మర్చిపోతున్నారా, కావాలనే మానేశారా అన్నది. మర్చిపోయేవాళ్లకి రోజుకో గడి ఉన్న మాత్రల డబ్బా, ఫోన్‌లో అలారం బాగా పనికొస్తాయి. భయంతో మానేసినవాళ్లకి అవేవీ పనిచేయవు, ఆ భయమేంటో వినాలి. "మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడిగితే దాదాపు అందరూ "ఆ, వేసుకుంటున్నా" అనే అంటారు. అందుకే నేను "కొత్త మందన్నాక ఒకటో రెండో తప్పడం మామూలే, ఈ వారం మీకు ఎన్ని తప్పాయి?" అని అడుగుతాను. అప్పుడు కాస్త స్థిమితపడి ఉన్నది ఉన్నట్టు చెబుతారు.

ఒకాయన దగ్గు సిరప్ కోసం వచ్చారు, కొన్నాళ్లకి మళ్లీ అదే సిరప్ అడిగారు. కఫం లేదు, జ్వరం లేదు, పొడిదగ్గు. ఈమధ్య కొత్తగా ఏమైనా మందు మొదలుపెట్టారా అని అడిగితే రామిప్రిల్ అన్నారు. ఆ రకం బీపీ మందులతో కొంతమందికి పొడిదగ్గు వస్తుంది, దానికి సిరప్‌లతో లాభం లేదు. ఆయనకి దగ్గుకీ మాత్రకీ సంబంధం ఉందని తెలియదు. మాత్ర పడట్లేదని మాత్రం గట్టిగా అనిపించి, అప్పటికే రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. విషయమంతా ఒక చీటీ మీద రాసిచ్చి డాక్టర్ దగ్గరికి పంపాను. డాక్టర్ దాన్ని టెల్మిసార్టాన్ అనే మరో రకం బీపీ మాత్రకి మార్చారు, దగ్గు తగ్గింది, మందు సాగింది. మందు మార్చే అధికారం నాకు లేదు. కానీ మార్చాల్సిన అవసరం ఉందని ముందుగా కనిపించేది చాలాసార్లు మా కౌంటర్‌లోనే.

ఇన్‌హేలర్ల సంగతి ఇంకో రకం. నోటితో చెప్పి ఊరుకోకుండా నా ముందే ఒకసారి పీల్చి చూపించమంటాను. చాలామంది ముందు నొక్కేసి ఆ తర్వాత పీలుస్తారు, మందంతా పెదాల దగ్గరే పొగలా బయటికి పోతుంది. "ఇది నాకు పనిచేయట్లేదు" అని పక్కన పడేసేది అందుకే.

ఇంగ్లండ్‌లో ఇదే పనిని 2011 అక్టోబర్ నుంచి ఒక పద్ధతిగా చేస్తున్నారు. కొన్ని జబ్బులకు కొత్త మందు మొదలైతే, ఒకటి రెండు వారాల్లో ఫార్మసిస్ట్ ఫోన్‌లో గానీ ఎదురుగా గానీ మాట్లాడతారు, ఆ తర్వాత రెండు మూడు వారాలకి మరోసారి. నాటింగ్‌హామ్ యూనివర్సిటీ నేతృత్వంలో జరిగిన పరిశీలనలో, పది వారాల తర్వాత మందు సరిగ్గా వాడుతున్నవాళ్లు ఈ సేవ అందినవారిలో 71 శాతం, అందనివారిలో 61 శాతం ఉన్నారు. రెండు చిన్న సంభాషణలకి ఇది చాలా మంచి ఫలితం.

ఇక మీ విషయానికి వస్తే, అమ్మగారిని వెంటబెట్టుకుని రద్దీ లేని టైమ్‌లో వెళ్లండి. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, నొప్పుల మాత్రలతో సహా, సంచిలో వేసి తీసుకెళ్లండి. కొన్ని నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి. మాట్లాడటం ఆవిడకే వదిలేయండి. మీరు చెబితే ఫిర్యాదులా ఉంటుంది, ఆవిడ చెబితే కారణం దొరుకుతుంది. తప్పిన డోసులకి బదులుగా రెండు మాత్రలు ఒకేసారి వేయకండి.

మానేసింది మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రయితే ఆలస్యం చేయకుండా ఈరోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి, వాటిని ఉన్నట్టుండి ఆపకూడదు. పెదాలు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా షాపుకి కాదు, నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

మందుల షాపు నుంచి వచ్చేసేముందు ఫార్మసిస్ట్‌కి ఫోన్ నంబర్ ఇచ్చి, వారం తర్వాత అమ్మతో ఒకసారి మాట్లాడతారా అని మీరే అడగండి. అలా అడిగేవాళ్లు తక్కువ. అడిగితే నాకైతే సంతోషమే.