లంగోటా విప్పితే బలం పోతుందా?

ప్రశ్న: నా వయసు 24. పాతబస్తీలో ఉంటాం. ఎనిమిది నెలలుగా కుస్తీ నేర్చుకోవడానికి ఇంటి దగ్గరి తాలీంకి (వ్యాయామశాలకి) వెళ్తున్నాను. లంగోటా లేకుండా మట్టిలో దిగొద్దని ఉస్తాద్ అంటారు. గోచీ వదిలేస్తే బుడ్డ దిగుతుందని మా తాత అంటాడు. అందుకని రాత్రి పడుకున్నప్పుడు కూడా కట్టుకునే ఉంటున్నాను. రెండు నెలల నుంచి గజ్జల్లో విపరీతమైన దురద. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే నాలుగు రోజులు తగ్గి మళ్లీ ఎక్కువవుతోంది. నాకు పెళ్లి కుదిరింది. బిగుతుగా కట్టుకుంటే పిల్లలు పుట్టరని దోస్తులు భయపెడుతున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. లంగోటా మానేయాలా? మానేస్తే బలం తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ముందు మీరు హాయిగా నిద్రపోండి. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసిన లక్షణాలు తామరవి, అంటే ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధివి. అది పూర్తిగా నయమవుతుంది. పెళ్లికి అడ్డమేమీ కాదు. పడుకునేటప్పుడు మాత్రం ఈ రాత్రి నుంచే లంగోటా తీసేసి, వదులుగా ఉండే నూలు లుంగీ కట్టుకోండి.

మీ తాత చెప్పే గోచీ, మీ ఉస్తాద్ చెప్పే లంగోటా ఒకే రకం బట్టలని మీరు అనుకుంటున్నారు. తాతల కాలం గోచీ అంటే మొలతాడుకు ముందొక కొస, వెనకొక కొస దోపిన గుడ్డ పీలిక. పక్కలంతా ఖాళీ. నాట్లు వేసినా, నాగలి పట్టినా గాలి ఆడుతూనే ఉంటుంది, చెమట ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. పహిల్వాన్ లంగోటా అలా కాదు. నాడా నడుముకు బిగించి, గుడ్డను కాళ్ల మధ్య నుంచి లాగి, మళ్లీ నాడా కింద దోపి గట్టిగా బిగిస్తారు. కుస్తీలో ఎదుటివాడి పట్టుకు అవయవాలు అటూ ఇటూ కదలకుండా ఉండటానికి ఆ బిగువు. గంట, గంటన్నర కసరత్తుకు అది మంచిదే. మీరు దాన్ని ఇరవై నాలుగు గంటలూ కట్టుకుంటున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

బలం గురించిన భయం ఎక్కడిదో నాకు తెలుసు. మన ఊరి తాలీముల్లో ‘లంగోట్ కా పక్కా’ అనే మాట వినే ఉంటారు. ఆడవాళ్ల విషయంలో నిగ్రహం తప్పనివాడని దాని అర్థం. సన్యాసికి కౌపీనం కూడా అలాంటి గుర్తే. అదే తెలుగులో ‘చివరికి గోచీ మిగిలింది’ అంటే ఆస్తంతా పోయిందని. చిన్ననాటి స్నేహితుణ్ని మన హైదరాబాదీలు ‘లంగోటియా యార్’ అని ఎంత ప్రేమగా పిలుచుకుంటారో! ఇంత చిన్న గుడ్డకు నిగ్రహం, పేదరికం, స్నేహం అన్నీ అంటుకున్నాయి. నాకు ఈ మాటలంటే ఇష్టం. కానీ అవి మనిషి నడతను గురించి చెప్పే మాటలు. మీ కండల బలం తిండిలో, దండ్‌బైఠక్‌లో, నిద్రలో ఉంది. ఆ మూడూ సరిగా ఉంటే లంగోటా విప్పి పడుకున్నంత మాత్రాన వీసమెత్తు బలం కూడా తగ్గదు.

బుడ్డ సంగతీ అంతే. బుడ్డ అంటే వృషణం చుట్టూ ఉన్న సంచిలో నీరు చేరడం. దెబ్బ తగలడం వల్ల, ఇన్ఫెక్షన్ వల్ల రావచ్చు, కొందరిలో కారణం దొరకదు. మన దగ్గర పెద్దవాళ్లలో ఎక్కువగా చూసింది బోదకాలు క్రిముల వల్ల వచ్చే రకం, దాన్ని తెచ్చేది క్యూలెక్స్ దోమ. గోచీ దోమను ఆపలేదు కదా. హెర్నియా వేరు. పొట్ట గోడలో బలహీనంగా ఉన్న చోటు నుంచి పేగు కిందికి జారడం అది. బరువులు ఎత్తేటప్పుడు గజ్జల్లో ఉబ్బు కనిపించి, పడుకుంటే లోపలికి పోతుంటే సర్జన్‌కు చూపించండి. లంగోటా బిగించినంత మాత్రాన హెర్నియా తగ్గదు, దానికి ఆపరేషనే మార్గం. తాతగారిని మాత్రం తప్పు పట్టకండి. వృషణాల ఆపరేషన్ తర్వాత మేమే కొన్నాళ్లు కింద ఆసరాగా బిగుతు బట్ట వేసుకోమంటాం. ఆసరా ఇస్తే నొప్పి తగ్గుతుందన్నది ఆయన తరం అనుభవంతో తెలుసుకున్న నిజం.

ఇక పిల్లల విషయం. వీర్యకణాలు సరిగ్గా తయారవాలంటే వృషణాలు ఒంటి వేడి కంటే 2 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ చల్లగా ఉండాలి. అవి శరీరం బయట వేలాడేది అందుకే. ఎండకు జారి, చలికి పైకి ముడుచుకోవడం వాటి స్వభావం, దాన్ని చూసి జారిపోయాయని కంగారు పడొద్దు. ఎప్పుడూ ఒంటికి అదిమి కట్టేస్తే ఆ చల్లదనం పోతుంది. అమెరికాలో 656 మంది మగవాళ్లను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, వదులు లోదుస్తులు వేసుకునేవాళ్ల వీర్యంలో కణాల సాంద్రత మిగతావాళ్ల కంటే 25 శాతం ఎక్కువగా ఉంది. అయితే బిగుతు బట్టలవాళ్ల సగటు కూడా మామూలు పరిధిలోనే ఉంది. కాబట్టి దోస్తులు భయపెట్టినంత ప్రమాదం లేదు. ఒక కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఈ రోజు అలవాటు మార్చుకుంటే మూడు నెలల్లో ఫలితం ఉంటుంది.

నన్ను నిజంగా కలవరపెట్టింది మీరు రాస్తున్న క్రీమ్. ట్యూబ్ మీద క్లోబెటసాల్, బీటామెథాసోన్, మోమెటాసోన్ అనే పేర్లలో ఏదైనా ఉందేమో చూడండి. ఇవి స్టిరాయిడ్లు. రాయగానే దురద, ఎరుపు అణగిపోతాయి. లోపల ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంది, నాలుగు రోజులకు రెట్టింపై బయటపడుతుంది. పైగా గజ్జల్లో చర్మం పల్చబడి, గర్భిణుల పొట్ట మీద ఉండేలాంటి చారలు పడతాయి. ఆ చారలు పోవు. పాతికేళ్లు దాటని కుర్రాళ్ల తొడల మీద వాటిని చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆ ట్యూబ్ వాడటం ఆపి చర్మవ్యాధి నిపుణుణ్ని కలవండి. ఇప్పుడు మన దేశంలో తామర మొండిగా మారింది. పై పూతతో పాటు ఇట్రాకొనజోల్ లాంటి మాత్రలు వారాల తరబడి అవసరం కావచ్చు. గుండె, కాలేయం చూసుకుని, వేరే మందులేం వాడుతున్నారో అడిగి రాయాల్సిన మాత్ర అది, షాపులో అడిగి తెచ్చుకోవద్దు. పూత మచ్చ అంచు దాటి రెండు వేళ్ల వెడల్పు బయటికి రాయాలి. మచ్చ పోయాక కూడా రెండు వారాలు ఆపకూడదు.

ఆ మధ్య ఓపీలో ఒక అబ్బాయిని ‘లంగోటా ఎలా ఆరేస్తావు?’ అని అడిగితే బ్యాగులోంచి ఒక పాలిథిన్ కవర్ తీశాడు. అందులో పొద్దుటి చెమటతో, మట్టితో తడిగా, ఉండలా చుట్టి ఉంది. సాయంత్రం మళ్లీ అదే కట్టుకుంటాడట. మందు వాడినా ఎందుకు తగ్గడం లేదో నాకు అక్కడే అర్థమైంది. మీరు మూడు లంగోటాలైనా పెట్టుకోండి, నూలువే కొనండి. కసరత్తు అయిన వెంటనే విప్పి, స్నానం చేసి, మడతల్లో తడి లేకుండా తుడుచుకోండి. బట్టను వేడినీళ్లలో విడిగా ఉతికి, దండెం మీద ఎండలో విప్పార్చి ఆరేయండి. తువ్వాలు ఇంట్లో ఎవరితోనూ పంచుకోవద్దు. ఎవరికైనా దురద ఉంటే వాళ్లకీ మందు పడాలి. కాలివేళ్ల మధ్య తెల్లగా నాని చీలి ఉంటే అదీ ఫంగసే కావచ్చు. అది తగ్గేదాకా ముందు సాక్స్ వేసుకుని తర్వాత లంగోటా కట్టుకోండి, లేకపోతే పాదం నుంచి గజ్జకు పాకుతుంది.

మొలతాడు ఉందా? దాని కిందా తామర దాక్కుంటుంది. నైలాన్‌ది అయితే తీసేసి, కావాలంటే తగ్గాక కొత్తది కట్టుకోండి. నాడా ఏళ్ల తరబడి ఒకే చోట ఒరుసుకుంటే నడుము చర్మం నల్లబడి మందమవుతుంది. పంచె బిగించే చోట అలా మొదలై పుండుగా మారిన కేన్సర్‌ను బొంబాయి వైద్యులు 1945లోనే నమోదు చేశారు. అది చాలా అరుదు. కానీ మీ తాతగారి నడుము మీద మానని పుండు ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించండి.

ఒక్క విషయంలో మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. కుస్తీలో గానీ, నిద్రలో గానీ ఉన్నట్టుండి ఒక వృషణంలో భరించలేని నొప్పి, వాంతులు వస్తే అది మెలిపడి ఉండొచ్చు. ఆరు గంటల లోపు ఆపరేషన్ జరిగితే దాన్ని కాపాడే అవకాశం ఎక్కువ. సిగ్గుపడి తెల్లారేదాకా ఆగితే ఆ వృషణమే పోవచ్చు.

మీ ఉస్తాద్‌తో దాపరికం వద్దు. తామర ఒంటి నుంచి ఒంటికి అంటుకుంటుంది, కుస్తీ పట్టేవాళ్లలో మరీ తొందరగా. ‘డాక్టర్ తామర అన్నారు, తగ్గేవరకు జోడీ పట్టను, ఒక్కణ్నే దండ్‌బైఠక్ చేసుకుంటాను’ అని చెప్పండి. మీ జోడీదార్లలో ఇంకెవరికైనా దురద ఉందేమో కూడా ఆయన్నే అడగమనండి.