పీహెచ్‌పీ: యూఆర్‌ఎల్‌లో ఫైల్ పేరు తీసుకుని టెక్స్ట్ ఫైల్ చూపించొచ్చా?

యూఆర్‌ఎల్‌లో వచ్చిన పేరును నేరుగా ఇన్‌క్లూడ్‌కి ఇచ్చి టెక్స్ట్ ఫైల్ చూపిస్తే ఇబ్బందా అని అడిగారు. ఇబ్బందే, రెండు రకాలుగా.

ఇన్‌క్లూడ్ ఉన్నది ఫైల్‌ని చదవడానికి కాదు, నడపడానికి. పేరు చివర .టీఎక్స్‌టీ ఉందని పీహెచ్‌పీ ఊరుకోదు. లోపల <?పీహెచ్‌పీ అని కనిపిస్తే ఆ కోడ్ రన్ చేసేస్తుంది. సైట్ చూసేవాళ్లు రాసే ఫీడ్‌బ్యాక్ లాంటివి ఆ ఫైల్‌లోనే దాస్తుంటే సర్వర్ తాళాలు బయటివాళ్ల చేతికిచ్చినట్టే. ఫైల్_గెట్_కంటెంట్స్‌తో చదివి, హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ (<, > లాంటి గుర్తుల్ని మామూలు అక్షరాలుగా మార్చేది) గుండా పంపి ఎకో చేయండి, అంటే పేజీలో చూపించండి.

అసలు తలనొప్పి ఫైల్ పేరుతోనే. వేరేవాళ్లు రాసిన ఓ నోటీసు బోర్డు సైట్‌ని కొన్నాళ్లు నేను చూసుకున్నాను. యాక్సెస్ లాగ్ తెరిస్తే, ఫైల్ పేరు ఉండాల్సిన చోట ../../../../ఈటీసీ/పాస్‌డబ్ల్యూడీ అని వరసగా రిక్వెస్టులు. ../ అంటే ఒక ఫోల్డర్ పైకి వెళ్లమని, చివరిది సర్వర్ యూజర్ల పేర్లుండే ఫైల్. ఆ రిక్వెస్టులు బాట్ల (తమంతట తామే సైట్లు గాలించే ప్రోగ్రాముల) పని. మనది చిన్న సైటే కదా అని అవి వదిలిపెట్టవు.

../ ని స్టర్_రీప్లేస్‌తో తీసేస్తే సరిపోతుందని చాలామంది అంటారు. సరిపోదు. ....// అని పంపి చూడండి, మధ్యలో ఉన్న ../ పోయాక మళ్లీ ../ మిగులుతుంది!

నేను అక్కడ ఒక అర్రే (ఏ పేరుకి ఏ ఫైలో చెప్పే జాబితా) పెట్టాను: యూఆర్‌ఎల్‌లో 'సెలవులు' అని వస్తే ఫలానా ఫైల్, 'ఫీజులు' అని వస్తే ఇంకోటి, జాబితాలో లేనిది వస్తే 404. ఫైళ్లు రోజూ పెరుగుతుంటే ఇది కుదరదు. అప్పుడు రియల్‌పాత్‌తో పూర్తి దారి తెప్పించుకుని, అది మన ఫోల్డర్ దారితోనే మొదలవుతోందా అని చూడాలి. పోల్చేటప్పుడు ఫోల్డర్ పేరు చివర / కూడా కలపండి. లేకపోతే 'నోట్స్' ఫోల్డర్‌కి పెట్టిన కాపలా 'నోట్స్-పాతవి' ఫోల్డర్‌ని కూడా లోపలికి వదిలేస్తుంది. ఫైల్ లేకపోతే రియల్‌పాత్ ఫాల్స్ ఇస్తుంది, అదీ చూసుకోండి.

పెద్ద ఫైలైతే ఎఫ్‌ఓపెన్ చేసి ఎఫ్‌గెట్స్‌తో లైను లైనుగా చదవండి. ఎఫ్‌ఓపెన్ ఫెయిలైందో లేదో చూడకుండా ఎఫ్‌ఈఓఎఫ్ (ఫైల్ చివరికి వచ్చామా అని చూసేది) లూప్‌లోకి వెళ్తే, పీహెచ్‌పీ 7 దాకా ఆ లూప్ ఆగేదే కాదు. 8లో ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

మీ ఫైళ్లలో తెలుగు ఉందన్నారు కాబట్టి ఇంకో మాట. యూటీఎఫ్-8లో 'క' అన్న ఒక్క అక్షరానికే 3 బైట్లు. ఎఫ్‌రీడ్‌తో 1024 బైట్ల చొప్పున తీస్తే ముక్క చివర అక్షరం మధ్యలో తెగిపోవచ్చు. పీహెచ్‌పీ 8.1 కంటే పాత వెర్షన్లలో, ఈఎన్‌టీ_సబ్‌స్టిట్యూట్ (చెడిన బైట్ల చోట వేరే గుర్తు పెట్టే ఆప్షన్) పెట్టకపోతే, అలా తెగిన ముక్కకి హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది. ఎర్రర్ ఏమీ ఉండదు, పేజీలో సగం నోటీసు మాత్రం మాయం. ఎఫ్‌గెట్స్‌కి లెంగ్త్ ఇవ్వకుండా వాడితే ఈ గొడవ రాదు.