జీతం 21 వేలు దాటాక సూది గుచ్చుకుంది.. ఈఎస్‌ఐ వర్తిస్తుందా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. బీఫార్మసీ చదివి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తున్నాను. 2024 జూన్‌లో ఇంక్రిమెంట్ ఇచ్చారు. జీతం 20,500 నుంచి 23,500 అయింది, అప్పటి నుంచి ఈఎస్‌ఐ కోత ఆగిపోయింది. జూలై 18 రాత్రి డ్యూటీలో ఐసీయూ నుంచి వాపసు వచ్చిన మందుల ట్రే లెక్కపెడుతుంటే, అందులో ఎవరో పడేసిన వాడిన సిరంజి సూది వేలికి గుచ్చుకుంది. క్యాజువాల్టీలో రక్తపరీక్షలు చేశారు, అన్నీ నెగెటివ్. 2025 జనవరిలో హెపటైటిస్ సి పాజిటివ్ వచ్చింది. ఫిబ్రవరి 10 నుంచి ఆరు వారాలు జీతం లేని సెలవు పెట్టి, సొంత డబ్బుతో మందులు వాడాను. కుదిరిన పెళ్లి సంబంధం తప్పిపోయింది. హెచ్‌ఆర్ వాళ్లు ‘గ్లవ్స్ వేసుకోకపోవడం నీ తప్పు, నీకు ఈఎస్‌ఐ కూడా లేదు’ అంటున్నారు. 50 వేలు ఇస్తాం, రాజీనామా పత్రం మీద సంతకం పెట్టమంటున్నారు. నాకు న్యాయం జరుగుతుందా?
- ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: ఇక్కడ కుదించి వేసిన మీ ఉత్తరంలో ఎక్కువ భాగం హెచ్‌ఆర్ మేనేజర్ అన్న మాటల గురించి, తప్పిపోయిన సంబంధం గురించే ఉంది. వాటిని కోర్టు లెక్కలోకి తీసుకోదు. మీ కేసు తేలేది ఇంక్రిమెంట్ ఏ నెలలో వచ్చింది, సూది ఏ తేదీన గుచ్చుకుంది అన్న దగ్గరే.

ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చట్టంలో ఏడాదికి రెండు చందా కాలాలు. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు ఒకటి, అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు రెండోది. కాలం మొదలైన రోజున జీతం 21 వేల లోపు ఉండి, మధ్యలో ఎంత పెరిగినా, ఆ కాలం ముగిసేదాకా ఆ ఉద్యోగి ఈఎస్‌ఐలోనే ఉంటారు. 2024 ఏప్రిల్ 1న మీ జీతం 20,500. కాబట్టి సెప్టెంబర్ 30 దాకా మీకు ఈఎస్‌ఐ ఉన్నట్టే. జూన్ నుంచి కోత ఆపేయడం యాజమాన్యం చేసిన తప్పు. చందా కట్టారా లేదా అని చట్టం చూడదు, కట్టాల్సి ఉందా అనే చూస్తుంది. యజమాని కట్టకపోతే ఈఎస్‌ఐ కార్పొరేషన్ మీకు లబ్ధి ఇచ్చి, ఆ సొమ్మును యజమాని దగ్గర రాబట్టుకునే ఏర్పాటు 68వ సెక్షన్‌లోనే ఉంది. ఒక్కటి మాత్రం చూసుకోండి. ఇంక్రిమెంట్ లేఖలో ‘ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది’ అని ఉందా? ఉంటే అవతలి లాయర్ దాన్నే పట్టుకుంటాడు. ఆ లేఖ, మార్చి నుంచి ఆగస్టు వరకు పేస్లిప్పులు, ఏప్రిల్, మే జీతాలు ఎంత పడ్డాయో చూపే బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక ఫైల్లో పెట్టండి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. క్లెయిములో ‘2025 జనవరిలో జబ్బు వచ్చింది’ అని రాశారంటే అంతే సంగతులు. ఆ జనవరి నాటికి మీరు ఈఎస్‌ఐలో లేరు. ‘2024 జూలై 18న డ్యూటీలో ప్రమాదం జరిగింది, దాని ఫలితమే ఈ జబ్బు’ అని రాయాలి. మీ కేసంతా జూలై 18 చుట్టూనే తిరగాలి.

ఆ తేదీకి ఆధారం ఏముంది? క్యాజువాల్టీ రిపోర్టు కాపీ తీసుకోలేదని రాశారు. ఇది క్షమించదగ్గ అజాగ్రత్త కాదమ్మా. హెపటైటిస్ బి కి టీకా ఉంది. సి కి టీకా లేదు, సూది గుచ్చుకున్నాక వేసుకునే నివారణ మందూ లేదు. అందుకే ఆ రోజు చేసే రక్తపరీక్ష అంత ముఖ్యం. ఆ రోజు నెగెటివ్, ఆరు నెలలకు పాజిటివ్ అన్న రెండు కాగితాలు పక్కపక్కన పెడితే, జబ్బు ముందు నుంచే ఉందన్న వాదన చాలావరకు వీగిపోతుంది. రోగుల జబ్బుల సంగతి తెలిసిన ఫార్మసిస్టే తన రిపోర్టు దాచుకోకపోతే ఎలా?

సరే, ఇంకా దారి ఉంది. ఆ రాత్రి మీరు ఆ ఆసుపత్రికి రోగి కూడా. వైద్య వృత్తి నిబంధనల ప్రకారం చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు రికార్డులు దాచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మెడికల్ రికార్డ్స్ విభాగానికి ఈరోజే రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పెట్టండి. నోటితో అడగొద్దు. డ్యూటీ రోస్టర్, బయోమెట్రిక్ హాజరు, ఆ రాత్రి సాఫ్ట్‌వేర్‌లో మీ లాగిన్‌తో ఎక్కిన వాపసు మందుల ఎంట్రీలు కూడా కావాలని రాయండి. ఇవ్వకపోయినా, అడిగినట్టు రుజువు ఉంటుంది.

ఇంకొకటుంది, దాని గురించి ఆసుపత్రి ఉద్యోగులకే తెలియదు. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనల కింద ఆసుపత్రి ఏటా జూన్ 30 లోపు కాలుష్య నియంత్రణ మండలికి వార్షిక నివేదిక పంపాలి. సూది గుచ్చుకున్న ఘటనలు అందులో చూపాలి. సనత్‌నగర్‌లోని మండలి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి 2024 నివేదిక అడగండి. మీ ఘటన ఉంటే మంచి సాక్ష్యం. లేకపోతే, దాచిపెట్టారని అడగడానికి పనికొస్తుంది.

జూలై 18 రాత్రి సూపర్‌వైజర్‌కు వాట్సాప్ మెసేజ్ పెట్టానన్నారు. ఆ పాత ఫోను ఎక్స్చేంజ్‌లో ఇచ్చేద్దామనుకుంటున్నానని కూడా అన్నారు. ఇవ్వకండి! స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, ఆ మెసేజ్ ఏ ఫోను నుంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జత చేయాలి. అసలు ఫోను మీ దగ్గరుంటే ఆ పని తేలిక.

ఇప్పుడు ఉత్తరం చివర మీరు అడిగిన మాట. తోటి ఉద్యోగి ఒకరు యాక్సిడెంట్ రిజిస్టర్‌లో పాత తేదీతో ఎంట్రీ రాసిపెడతానన్నారట. వద్దు. ఆ పని చేస్తే నిజంగా జరిగిన ప్రమాదాన్ని మీరే అబద్ధంగా మార్చుకున్నట్టు. ముందు వెనక పేజీల సిరా, సంతకాల వరస చూస్తే దొంగరాత తెలిసిపోతుంది. ఈఎస్‌ఐ లబ్ధి కోసం తప్పుడు ప్రకటన చేస్తే 84వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు. ఫోర్జరీ కేసు వేరే. జూలై 18కి నిజమైన రుజువులు నాలుగున్నా, ఒక్క దొంగ ఎంట్రీ దొరికితే కోర్టు మిగతావీ నమ్మదు. ఆ స్నేహితుడి ఉద్యోగమూ పోతుంది.

గ్లవ్స్ మాటకు టెన్షన్ పడకండి. యజమాని పని కోసం చేస్తుండగా జరిగితే, సూచన పాటించకపోయినా అది ఉద్యోగ ప్రమాదమే అని ఈఎస్‌ఐ చట్టం 51బి సెక్షన్ చెబుతోంది.

ఉద్యోగుల పరిహార చట్టం కింద కమిషనర్ దగ్గర కేసు వేస్తే లక్షలొస్తాయని ఎవరో చెప్పారు కదా. ఈఎస్‌ఐ వర్తించే ఉద్యోగికి 53వ సెక్షన్ ఆ తలుపు మూసేసింది, సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. ఈఎస్‌ఐలో వచ్చేది సెలవు కాలానికి వేతనంలో దాదాపు 90 శాతం, వైద్యం ఖర్చు, మెడికల్ బోర్డు శాశ్వత నష్టం ఉందంటే దానికి నెలనెలా కొంత. హెపటైటిస్ సి ఇప్పుడు మందులతో నయమవుతోంది కాబట్టి పెద్ద మొత్తం ఆశించకండి.

గడువు దగ్గరే ఉంది. లబ్ధి రావాల్సిన తేదీ నుంచి 12 నెలల్లో క్లెయిము పెట్టాలి. మీ సెలవు 2025 ఫిబ్రవరి 10న మొదలైంది. అంటే 2026 ఫిబ్రవరి మొదటి వారంలోపు ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో క్లెయిము ఇచ్చి, రసీదు మీద స్టాంపు వేయించుకోండి. దాటితే ఈఎస్‌ఐ కోర్టు ముందు ఆలస్యానికి కారణం చెప్పుకోవాలి. 2025 నవంబర్ 21 నుంచి ఈఎస్‌ఐ చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది కదా అనొచ్చు. మీ ప్రమాదం, సెలవు అంతకు ముందువి, పాత చట్టం కింద పుట్టిన హక్కు ఉంటుంది.

యజమాని ఇవ్వాల్సిన ప్రమాద నివేదిక, ఫారం 12, ఇవ్వకపోతే మీరే ప్రమాదం వివరాలు రాసి బ్రాంచి ఆఫీసుకు, హిల్‌ఫోర్ట్ రోడ్డులోని ప్రాంతీయ కార్యాలయానికి పంపండి. మీ పాత ఐపీ నంబరు (ఈఎస్‌ఐ బీమా నంబరు) రాయడం మరవొద్దు. ఒకవేళ కార్పొరేషన్ ‘మీరు మా పరిధిలో లేరు’ అని రాతపూర్వకంగా తిరస్కరిస్తే, అప్పుడు కమిషనర్ దగ్గర కేసుకు ప్రమాదం జరిగిన నాటి నుంచి 2 ఏళ్ల గడువు ఉంటుంది. అది 2026 జూలై 17తో ముగుస్తుంది. ఆ తిరస్కరణ కోసం జూలై దాకా ఎదురుచూడకుండా, మే నెలలోనే ఒక లాయర్‌ను కలిసి ఆ దరఖాస్తు సిద్ధం చేయించుకోండి. 50 వేల కాగితం మీద మాత్రం, ఇవన్నీ తేలేదాకా, సంతకం పెట్టకండి.