నిల్వ రేణువులను బట్టి బ్యాక్టీరియా ఏదో చెప్పవచ్చా?

మట్టి నుంచి వేరుచేసిన బ్యాక్టీరియాకు సూడాన్ బ్లాక్ (కొవ్వులాంటి పదార్థాలకు పట్టే నల్ల రంగు) వేస్తే కణాల్లో నల్లని రేణువులు కనిపించాయని, దీన్నిబట్టి అది ఏ ప్రజాతో (జీనస్) తేల్చవచ్చా అని అడిగారు. రేణువులను మాత్రమే చూసి పేరు పెట్టలేం. కానీ ఇతర పరీక్షలతో రెండు మూడు గుంపుల దాకా వచ్చి ఆగిపోయినప్పుడు వాటిని విడదీయడానికి ఇది చాలా మంచి ఆధారం. మట్టి బ్యాక్టీరియాతో ఏళ్లుగా పనిచేస్తున్నాను, ఈ పరీక్షను ఇప్పటికీ వదల్లేదు.

ఆ రేణువులు చాలావరకు పీహెచ్‌బీ, అంటే పాలీహైడ్రాక్సీబ్యూటిరేట్. ఇది బ్యాక్టీరియా ఆహారంగా దాచుకునే పాలిమర్, అంటే చిన్న అణువులు గొలుసుగా కలిసిన పదార్థం. 1920లలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లెమోయిన్ దీన్ని బాసిల్లస్ మెగటీరియంలో కనుగొన్నారు. బాసిల్లస్‌లలో మెగటీరియం, సీరియస్, తురింజెన్సిస్ దీన్ని దాచుకుంటాయి. సబ్టిలిస్, లైకెనిఫార్మిస్ దాచుకోవు. అయితే రేణువులున్నంత మాత్రాన దగ్గరి చుట్టాలని కాదు. మెగటీరియంను ఇప్పుడు ప్రీస్టియా అనే వేరే ప్రజాతిలోకి మార్చారు.

సూడోమోనాస్ అనే మరో బ్యాక్టీరియా ప్రజాతి కథ ఇంకా ఆసక్తికరం. 1966లో స్టానియర్, పల్లెరోని, డౌడరాఫ్ అనే శాస్త్రవేత్తలు వాటిని వర్గీకరించినప్పుడు పీహెచ్‌బీని ముఖ్య లక్షణంగా తీసుకున్నారు. ఏరుజినోసా, ఫ్లోరెసెన్స్, పుటిడా వంటి మెరిసే రంగునిచ్చేవి దాన్ని కూడబెట్టవు. సెపేషియా, సూడోమల్లై వంటివి కూడబెడతాయి. తర్వాత ఈ రెండోవి బర్ఖోల్డేరియా అనే వేరే ప్రజాతిగా విడిపోయాయి. అంటే రేణువు చూపిన గీత నిజమైనదే. కానీ 1983లో సూడోమోనాస్ ఒలియోవొరాన్స్‌ను ఆక్టేన్ (ఒక హైడ్రోకార్బన్) మీద పెంచినప్పుడు మరింత పొడవైన మోనోమర్లతో (గొలుసును కట్టే చిన్న అణువులతో) తయారైన మరో పాలిమర్ బయటపడింది. పుటిడా కూడా ఆ రకాన్నే చేస్తుంది. అందుకే రేణువు ఉందా లేదా అన్న దగ్గర ఆగకుండా, అది ఏ మోనోమర్‌తో తయారైందో కూడా చూడాలి. మిథనాలిసిస్ చేసి, అంటే మిథనాల్‌తో పాలిమర్‌ను ముక్కలు చేసి, గ్యాస్ క్రోమటోగ్రఫీలో (ఆవిరి రూపంలో పదార్థాలను వేరుచేసే పద్ధతిలో) పెడితే అది తెలుస్తుంది.

ఎక్కువ మంది తడబడేది మీడియం (బ్యాక్టీరియాను పెంచే ఆహార ద్రవం) దగ్గర. మామూలు న్యూట్రియంట్ బ్రాత్‌లో పెంచి ‘రేణువులు లేవు’ అనడం న్యాయం కాదు. నత్రజని తక్కువగా, కార్బన్ ఎక్కువగా ఉన్నప్పుడే చాలా బ్యాక్టీరియా కూడబెట్టడం మొదలుపెడతాయి. కార్బన్ అయిపోతే దాచుకున్నది తామే తినేస్తాయి కూడా. అందుకే నేను వరుసగా రెండు మూడు రోజులు చూస్తాను. పక్కనే మెగటీరియంను, సబ్టిలిస్‌ను పెంచి, మొదటిదానిలో రేణువులు కనిపిస్తేనే ఆ రోజు ఫలితాన్ని నమ్ముతాను.

మరో సంగతి. గ్రామ్ రంజనంలో (బ్యాక్టీరియాను రంగుతో రెండు రకాలుగా విడదీసే పరీక్షలో) ఈ రేణువులు రంగు పట్టని ఖాళీల్లా కనబడతాయి. కొత్తవాళ్లు వాటిని స్పోర్లు (గడ్డుకాలాన్ని తట్టుకునే నిద్రాణ రూపాలు) అనుకుంటారు. స్పోరు సాధారణంగా కణానికి ఒకటే, రేణువులు చాలా ఉండవచ్చు. అలాగే సూడాన్ బ్లాక్ కొవ్వులన్నిటినీ పట్టుకుంటుంది: రోడోకోకస్‌లోని ట్రైగ్లిసరైడ్లు, అసినెటోబాక్టర్‌లోని మైనపు ఎస్టర్లు అన్నీ నల్లగానే కనిపిస్తాయి. నైల్ బ్లూ అనే మరో రంగు వేసి ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపులో చూడండి, పీహెచ్‌బీ అయితే నారింజ రంగులో వెలుగుతుంది.

మీ కల్చర్‌కు ముందు గ్రామ్, స్పోరు, ఆక్సిడేజ్ (ఒక ఎంజైమ్) పరీక్షలు చేయండి. గ్రామ్ పాజిటివ్, స్పోర్లు, రేణువులు మూడూ ఉంటే గుడ్డుసొన అగార్ మీద లెసితినేజ్ అనే ఎంజైమ్ ఉందేమో చూడండి. సీరియస్ గుంపుకూ మెగటీరియంకూ తేడా అక్కడే తెలిసిపోతుంది. చివరికి 16ఎస్ (బ్యాక్టీరియాను గుర్తించడానికి వాడే జన్యువు) సీక్వెన్స్ చేయించినా, రేణువుల ఫలితం పక్కన ఏ మీడియంలో, ఎన్ని గంటలకు చూశారో తప్పకుండా రాసి ఉంచండి.