గ్రీన్ యాపిల్ అంటే పండని ఎర్ర యాపిలేనా?

కాదు, బజారులో గ్రీన్ యాపిల్ అని అమ్మేది ఎక్కువగా గ్రానీ స్మిత్ అనే వేరే రకం, అది పూర్తిగా పండినా ఆకుపచ్చగానే ఉంటుంది. యాపిల్ తొక్కకు ఎరుపు ఆంథోసయనిన్ అనే పదార్థం వల్ల వస్తుంది, 1868లో ఆస్ట్రేలియాలో మరియా ఆన్ స్మిత్ తోటలో బయటపడిన ఈ రకంలో అది చాలా తక్కువ. దీని పులుపు మాలిక్ ఆమ్లం వల్ల. అదే జపాన్‌లో పుట్టిన ఫ్యుజీ అనే యాపిల్ రకం తీసుకోండి, అందులో ఆమ్లం తక్కువ, అందుకే కొరకగానే తీపి తెలుస్తుంది.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, పుల్లగా ఉంది కదా, ఇందులో చక్కెర ఉండదు, షుగర్ ఉన్నవాళ్లు ఎన్నయినా తినొచ్చు అనుకుంటారు. దయచేసి అలా తినకండి! చక్కెర ఫ్యుజీకన్నా కాస్త తక్కువే కానీ బాగానే ఉంటుంది, పులుపు దాన్ని నాలుకకు తెలియనివ్వదు అంతే.